లైన్

"దయచేసి లైన్లో ఉండండి"
రోజుకి నూటపాతిక సార్లంటాను
అంబత్తూరులో, ఏసీ చలికి శాలువా కప్పుకుని.
అటువైపు కర్నూలులోనో కావలిలోనో
ఎవరో ఒకరు విసుక్కుంటూ ఉంటారు.
నిన్నొక పెద్దాయన అడిగాడు:
"ఉంటాలేమ్మా. ఏ లైన్లో?"

నవ్వొచ్చి మ్యూట్ నొక్కాను.
నొక్కాక నవ్వు రాలేదు.

ఏ లైనంటే ఏం చెప్పను,
నేను పుట్టిందే లైన్లో.
వ్యాసర్పాడిలో లైనిల్లు.
ఒకే వెన్నుగోడకి ఆనుకుని పదకొండు గదులు,
ఒక కొళాయి, రెండు కక్కసులు,
తొమ్మిదో గది మాది.
ఎవరింట్లో ఎండుచేప వేగినా
ఆ వాసనతో పదకొండిళ్ళూ అన్నం తినేవి.

నీళ్ళ లారీ వచ్చే రోజు
లైనంటే మనుషులు కాదు, బిందెలు.
ఆకుపచ్చది అంజలైది, మూతి చొట్టపడ్డది మాది.
కాళ్ళు లాగని మనుషుల్లా
రాత్రి పదకొండు నుంచే నిలబడేవి.
ఒక్క బిందె జానెడు ముందుకి జరిగితే చాలు
తెలుగులో మొదలైన తిట్టు
అరవంలో ముగిసేది.

"ధనశేఖర్ మీ అక్కకి లైనేస్తున్నాడే"
బళ్ళో ఎవరో చెప్పారు.
నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
లైన్‌మ్యాన్ మునిరత్నం కూతుర్ని,
నాకు తెలిసిన లైను కరెంటు తీగే.
వాడి దగ్గర నిచ్చెన కూడా లేదే,
ఎలా వేస్తాడు?
అన్నం దగ్గర నాన్నని అడిగేశాను.
అక్క నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు.

అక్క పేరు ఇందురేఖ.
రేఖంటే గీత, గీతంటే మళ్ళీ ఆ లైనే.
పేరు పెట్టినప్పుడు ఎవరూ ఆలోచించి ఉండరు.

కరెంటోళ్ళకి ఒక మాటుంది.
తీగ ముట్టేముందు కింది మనిషి చెప్పాలి:
"లైన్ క్లియర్."
అంటే తీగ చచ్చింది, చెయ్యి పెట్టొచ్చు.
లైనింటి కుర్రాళ్ళకీ ఒక మాటుంది.
పిల్ల తండ్రి ఇంట్లో లేడని
వీధి మొగలో కాపలా ఉన్న స్నేహితుడు అరవాలి.
అదే మాట. అదే అరుపు.

తుఫాను వెళ్ళిన మర్నాడు
నాన్న మా వీధి చివరి స్తంభం మీద ఉన్నాడు,
వేపకొమ్మల చాటున.
కింద ఉండాల్సిన హెల్పరు టీకి పోయాడు.
జగ్గు పైకి చూడలేదు.
నాన్న ఇంట్లో లేడన్నది మాత్రం నిజమే.
"లైన్ క్లియర్రా!"

ఎవరికి పనికొచ్చే అర్థం వాళ్ళు విన్నారు.
ధనశేఖర్ మా గుమ్మం వైపు ఒకడుగు వేశాడు.
నాన్న చెయ్యి చాపాడు.

నాన్నని భుజాన వేసుకుని
చేపల రిక్షాలో స్టాన్లీ ఆస్పత్రికి తీసికెళ్ళింది
ధనశేఖరే.
ఎడం చేతి రెండు వేళ్ళు అక్కడ ఉండిపోయాయి.
విచారణకొచ్చిన బోర్డు ఆఫీసరుతో
"నాకే సరిగా వినపడలేదు సార్" అన్నాడు నాన్న.
అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు,
ఇంట్లో కూడా.
అక్క మళ్ళీ ఆ కుర్రాడి వైపు చూడలేదు.
చూసిందేమో,
నా కంట పడకుండా.

కట్టు విప్పిన రోజు
ఆ అరచేతిని ఒళ్ళో పెట్టుకుని వెతికాను.
నున్నగా, లేత గులాబీ రంగులో,
అప్పుడే పుట్టిన ఎలకపిల్లలా ఉంది.
ఆయువు గీత లేదు. ధనం గీత, అది ముందూ లేదు.
నా మొహం చూసి నాన్నే అన్నాడు:
"చూడవే, లైన్ క్లియర్!"
అమ్మ గిన్నెలు తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది,
నీళ్ళు రాని వేళ.

నలభై ఎనిమిది సెకన్లు.
స్క్రీను మీద అంకె ఎర్రబడింది.
మ్యూట్ తీశాను.
అటువైపు కుక్కర్ కూత,
ఎవరో పసివాడి మారాం,
పెద్దాయన గొంతు తగ్గించి వాణ్ణి కసురుతున్నాడు:
"ఉష్... లైన్లో ఉన్నాన్రా."

"చెప్పండి" అన్నాను.